రాకెట్ నిమిషంలో దాటే మూతను గాలి ఎలా దాటుతుంది?

ఈ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు చిన్న పని. మీ ఫోన్ గ్యాలరీలో శ్రీహరికోట ప్రయోగం వీడియో ఏదైనా ఉందేమో వెతకండి. మన నెల్లూరు తీరంలో పెరిగినవాళ్ల ఫోన్లో ఒక్కటైనా ఉంటుంది. 2023 జులై 14న మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకు చంద్రయాన్-3 లేచినప్పుడు గుర్తుందా? మేడల మీద, కాలవ గట్ల మీద, సముద్రం ఒడ్డున, ఎక్కడ చూసినా పైకెత్తిన ఫోన్లే.

దొరికిందా? ఇప్పుడు ఆ వీడియో ఎంతసేపు ఉందో చూడండి. నిమిషం, మహా అయితే రెండు నిమిషాలు. రాకెట్ చుక్క అయిపోగానే మనం ఆపేస్తాం. నేనూ అంతే. కానీ ఒకసారి తూపిలిపాలెం బీచ్‌లో ఫోన్‌ని ఇసుకలో నిలబెట్టి, ఆపడం మర్చిపోయి మాటల్లో పడ్డాను. ఇంటికొచ్చి చూస్తే పావుగంట వీడియో. రాకెట్ వెళ్లిపోయాక మిగిలిన పొగ మాత్రమే ఉంది అందులో. డిలీట్ చేద్దామనుకుని వేగం పెంచి చూశాను. చూశాక డిలీట్ చేయబుద్ధి కాలేదు.

[తెర మీద: వేగం పెంచిన వీడియో. నిట్టనిలువు పొగ గీత మెల్లగా మెలికలు తిరుగుతుంది.]

చూడండి. మొదట గీత గీసినట్టు తిన్నగా ఉంది. తర్వాత కింద ముక్క ఒకవైపు జరుగుతుంది. దానిపై ముక్క ఇంకోవైపు. ఇంకా పైన ఉన్నది మళ్లీ ఇటువైపు. చివరికి ముగ్గు వేసే పిల్ల చేయి జారి గీసినట్టు వంకరటింకర. ఎందుకలా? ఒకే ఆకాశం, ఒకే పొగ. గాలి మాత్రం ఒకటి కాదు.

జులైలాంటి నెలలో, మధ్యాహ్నం పూట మన తీరంలో జరిగేది ఇది. నేల దగ్గర సముద్రపు గాలి, ఒడ్డు నుంచి ఊరి వైపు తోస్తుంది. దాని పైన కొన్ని కిలోమీటర్ల మందాన నైరుతి రుతుపవనాల పడమటి గాలి, సముద్రం వైపు తోస్తుంది. ఇంకా పైన, 15 కిలోమీటర్లు ఆ పైన, తూర్పు నుంచి వీచే జెట్ గాలి, మళ్లీ ఊరి వైపు. అంటే మన నెత్తి మీద గాలి పొరలు పొరలుగా ఉంది. ఒక్కో పొర ఒక్కో దారి.

ఇవన్నీ పక్కకు వీచే గాలులు. మన కంటికి కనిపించేవి, ఫోన్లో చిక్కేవి. ఇవాళ మనం మాట్లాడుకునేది కంటికి కనిపించనిది. ఒక పొరలో గాలి పైపొరలోకి ఎంత వెళ్తుంది, పైపొరలోది కిందికి ఎంత వస్తుంది? కంప్యూటర్ మోడల్ దాన్ని ఎలా లెక్క కడుతుంది? ఆ లెక్కను మనం ఎంతవరకు నమ్మొచ్చు?

మాట ముందుకెళ్లే ముందు చిన్న వివరణ. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టాక సూళ్లూరుపేట, శ్రీహరికోట, వాకాడు వైపు తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. కాగితం మీద గీత మారింది గానీ తీరం అదే, గాలి అదే. అందుకే నేను నెల్లూరు తీరం అనే అంటాను. తిరుపతి జిల్లా ఫ్రెండ్స్ ఏమీ అనుకోవద్దు.

సరే. స్కూల్లో చదువుకున్నాం కదా. మనం ఉండే కింది పొర ట్రోపోస్ఫియర్, తెలుగు మీడియం పుస్తకాల్లో ట్రోపో ఆవరణం. వాన, మేఘం, ఉరుము, తుపాను, దాదాపు అన్నీ ఇందులోనే. దాని పైది స్ట్రాటోస్ఫియర్. ఓజోన్ పొర ఉండేది అక్కడ. రెండింటి మధ్య సరిహద్దు పేరు ట్రోపోపాజ్. మన ప్రాంతంలో అది సుమారు 16, 17 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ చలి ఎంతో తెలుసా? మైనస్ 80 డిగ్రీల దగ్గర. రోహిణీ కార్తె ఎండకు రోళ్లు పగిలే మన నెల్లూరు నెత్తి మీద, కావలి నుంచి నెల్లూరుకు ఉన్నంత దూరం కూడా లేదు, అంత చలి!

పీఎస్‌ఎల్‌వీ లాంటి రాకెట్ ఆ సరిహద్దును సుమారు నిమిషంలో దాటేస్తుంది. గాలికి అది అంత తేలిక కాదు. ఎందుకో చెప్పాలంటే మిమ్మల్ని మైపాడు దగ్గర ఒక రొయ్యల గుంటకు తీసుకెళ్లాలి.

మా చిన్నాయనకు అక్కడ రొయ్యల సాగు ఉంది. వనామి వేస్తాడు. నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక రాత్రి పెద్ద వాన పడింది. తెల్లారుజామున మూడింటికి ఆయన ఫోన్. "అబ్బయా, కరెంటు పోయింది, జనరేటర్ ఎత్తుకోవడంలా, డీజిల్ తీసుకొని తొందరగా రా" అని. నేను వెళ్లేసరికి టార్చి వెలుగులో రొయ్యలు గట్టు పక్కకొచ్చి నీటి పైన తేలుతున్నాయి. ఊపిరాడక. నాకు అర్థం కాలేదు. "అంత వాన పడింది గదా చిన్నాయనా, నీళ్లు పెరిగితే మంచిదే గదా?" అన్నాను. ఆయన జనరేటర్ తాడు లాగుతూనే చెప్పాడు. "వాన నీళ్లు తేలిక రా. ఉప్పునీళ్లు బరువు. పైన తెట్టె కట్టినట్టు నిలబడిపోతాయి. పైన గాలి కింద దిగదు. ఏరియేటర్ తిరిగితేనే రెండూ కలిసేది."

నాకు వాతావరణ శాస్త్రం మొదటి పాఠం చెప్పింది ఆయనే. ఆ రాత్రి ఏరియేటర్లు తిరిగాయి గానీ, పంటలో కొంత పోయింది.

ఇప్పుడు ఆకాశం చూడండి. స్ట్రాటోస్ఫియర్లో పైకి వెళ్లేకొద్దీ వేడి పెరుగుతుంది. అక్కడ ఓజోన్ సూర్యుడి అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని వేడెక్కుతుంది కాబట్టి. వేడిగాలి తేలిక. తేలికది పైన, బరువైనది కింద. గుంటలో వాన నీళ్లు, ఉప్పునీళ్లు ఉన్నట్టే. దానంతటదిగా కలవడానికి కారణమే లేదు. ట్రోపోస్ఫియర్ అలా కాదు. కింద నేల వేడెక్కి పొయ్యి మీద ఎసరులా ఎప్పుడూ కింద పైనా అవుతూ ఉంటుంది. కాబట్టి ట్రోపోపాజ్ అనేది ఎసరు మీద పెట్టిన మూత. ఆవిరి మూతకు తగిలి ఆగినట్టు, ఉరుముల మేఘం పైకి లేచి లేచి అక్కడికి వెళ్లేసరికి ఇక లేవలేక పక్కలకు పరుచుకుంటుంది. దూరం నుంచి చూస్తే కమ్మరి దాగలిలా పైభాగం చదునుగా కనిపించే మేఘం అదే.

అయితే ఆ మూత గట్టి మూత కాదు. సందులున్నాయి. మొత్తం కథ ఆ సందుల్లోనే ఉంది.

"ఉంటే ఏమైంది? 17 కిలోమీటర్ల పైన ఏం జరిగితే మనకేంటి?" అనొచ్చు. మూడు సంగతులు చెప్తాను.

ఒకటి, నీటి ఆవిరి. ఆ మైనస్ 80 చలి వల్ల పైకి వెళ్లే గాలిలో తేమ మంచుగా మారి రాలిపోతుంది. అందుకే స్ట్రాటోస్ఫియర్లో పది లక్షల గాలి అణువుల్లో నీటివి నాలుగైదే. కానీ నీటి ఆవిరి వేడిని పట్టి ఉంచుతుంది. మూత దాటి కాస్త ఎక్కువ తేమ వెళ్లినా భూమి వేడి లెక్క మారుతుంది.

రెండు, ఓజోన్. పైన ఉంటే మనకు గొడుగు. కింద మనం పీల్చే గాలిలో ఉంటే ఊపిరితిత్తులకు, పైరుకు విషం. అదే ఓజోన్. పొర మారితే దేవుడు దెయ్యం అవుతాడు.

మూడు, మనం నేల మీద వదిలే పొగ, దుమ్ము, నీటిలో కరిగే వాయువులు. అవి కింద ఉంటే కొన్ని రోజుల్లో వానకు కొట్టుకుపోతాయి. మూత దాటి పైకి వెళ్తే అక్కడ వాన లేదు. నెలలు, ఏళ్లు ఉండిపోతాయి.

సరే, లెక్క కట్టాలి. ఎలా?

[తెర మీద: కోస్తా పటం మీద గళ్లు.]

కంప్యూటర్ మోడల్ ఆకాశాన్ని గళ్లుగా కోస్తుంది. యూరప్ వాతావరణ కేంద్రం తయారుచేసిన ఈఆర్ఏ5 అనే సమాచారం ఉంది. ప్రపంచమంతా వాడతారు. దాంట్లో ఒక్కో గడి అడ్డంగా 31 కిలోమీటర్లు. నిలువుగా నేల నుంచి 80 కిలోమీటర్ల దాకా 137 అంతస్తులు. మన పటం మీద 31 కిలోమీటర్ల గడి పెట్టి చూడండి. నెల్లూరు టౌను, మైపాడు బీచి, కృష్ణపట్నం పోర్టు దాదాపు ఒకే గడిలో పడతాయి. ఆ గడి మొత్తానికి, ఒక ఎత్తులో, గాలి పైకి వెళ్తుందా కిందికి వస్తుందా అన్నదానికి ఉండేది ఒకే ఒక్క అంకె. నెల్లూరులో ఎండ కాస్తుంటే కృష్ణపట్నంలో ఉరుములతో వాన పడటం మనకు కొత్తేం కాదు. ఉరుముల మేఘంలో గాలి రివ్వున పైకి లేచే భాగం కొన్ని కిలోమీటర్ల వెడల్పే. మోడల్ కంటికి అది కనపడదు. దాని ప్రభావాన్ని ఒక సూత్రంతో అంచనా కట్టి కలుపుతారు.

అసలు చిక్కు అది కూడా కాదు. పక్కకు వీచే గాలి వేగం సెకనుకు 10, 20, జెట్ గాలిలో 30 మీటర్లు దాటుతుంది. పైకీ కిందికీ వెళ్లే గాలి వేగం, మేఘాలు లేని చోట, సెకనుకు ఒక సెంటీమీటరో అంతకన్నా తక్కువో. చీమ నడక అన్నమాట. మూత దాటాక ఇంకా నెమ్మది. ఉష్ణమండలంలో స్ట్రాటోస్ఫియర్ కింది భాగంలో గాలి సెకనుకు మిల్లీమీటరులో మూడో వంతు చొప్పున పైకి పాకుతుంది. రోజంతా పాకితే దాదాపు 29 మీటర్లు. ఒక్క కిలోమీటరు ఎక్కడానికి నెల దాటుతుంది. రాకెట్ నిమిషంలో 17 కిలోమీటర్లు వెళ్లిన దారి పక్కనే ఇది జరుగుతుంది.

ఇంత చిన్న వేగాన్ని మోడల్ ఎలా కనుక్కుంటుంది? సూటిగా కొలవదు. మిగులు లెక్క వేస్తుంది. గడిలోకి పక్క నుంచి ఎంత గాలి వచ్చింది, ఎంత పోయింది, తేడా ఎంత? మిగిలింది పైకో కిందికో పోయి ఉండాలి. సూత్రం తప్పు కాదు. కానీ ఎలా ఉంటుందంటే, వేబ్రిడ్జి మీద వడ్ల లారీని డ్రైవర్ ఉండగా ఒకసారి, దిగాక ఒకసారి తూకం వేసి, తేడా చూసి డ్రైవర్ బరువు చెప్పినట్టు. 20 టన్నుల తూకంలో 50 కిలోలు అటూ ఇటూ అయితే వడ్లకు పెద్ద తప్పు కాదు. డ్రైవర్ బరువు మాత్రం పనికిరాకుండా పోతుంది.

ఇంకో చిక్కు, లీకు. మోడల్లో గాలి ఒక గడి నుంచి పక్క గడికి మారిన ప్రతిసారీ కొంచెం కలిసిపోతుంది. నిజం ఆకాశంలో కలవకపోయినా లెక్కలో కలుస్తుంది. కారే కుళాయి లాగా. ఒక్క చుక్కే. రోజులు గడిచేకొద్దీ బకెట్ నిండుతుంది.

మరి మోడల్ లీకవుతోందని ఎలా పట్టుకుంటారు? ఇక్కడ ఒక అందమైన ఉపాయం ఉంది. గాలి వయసు. కరెంటు సబ్‌స్టేషన్ల పరికరాల్లో వాడే సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అనే వాయువు ఉంది. నేల మీది గాలిలో అది ఏటేటా పెరుగుతూనే ఉంది. తొందరగా విరిగిపోదు. కాబట్టి పైన ఒక సీసాడు గాలి పట్టి దాంట్లో ఆ వాయువు ఎంతుందో చూస్తే, ఆ గాలి నేలను వదిలి ఎన్నేళ్లయిందో చెప్పొచ్చు. పాత నోటు మీద ముద్రించిన సంవత్సరం చూసినట్టు. 1990ల్లో మన హైదరాబాద్‌లోని టీఐఎఫ్ఆర్ బెలూన్ కేంద్రం నుంచి పెద్ద బెలూన్లు ఎగరేసి, పైన గాలిని గడ్డకట్టే చలిలో సీసాల్లోకి పట్టి, ఈ వాయువును కొలిచారు. ఇలాంటి కొలతలు ప్రపంచంలో చాలా చోట్ల చేశారు. తర్వాత ఈఆర్ఏ-40 అనే పాత సమాచారంతో నడిపిన మోడళ్ల లెక్కలు వాటి పక్కన పెట్టి చూస్తే, మోడల్ గాలి వయసు మరీ చిన్నది! అంటే మోడల్ గాలిని చాలా వేగంగా తిప్పేస్తోంది, లీకవుతోంది. అది తెలిశాకే తర్వాతి తరాల సమాచారం బాగుపడింది. కొలత లేకపోతే ఆ తప్పు ఎవరికీ కనపడేదే కాదు. ఎందుకంటే తెర మీద బొమ్మ అప్పుడూ అందంగానే ఉంది.

ఇప్పుడు మన ఇంటి దగ్గరికి వద్దాం. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి అనే ఊరుంది. శ్రీహరికోట నుంచి తిన్నగా గీత గీస్తే 120 కిలోమీటర్ల లోపే. అక్కడ జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అంతరిక్ష శాఖ కింద పనిచేస్తుంది. గుట్టల మధ్య 130 మీటర్ల పొడవు, 130 మీటర్ల వెడల్పు ఉన్న స్థలంలో 1,024 యాంటెన్నాలు వరసలుగా నిలబెట్టి ఉంటాయి. మన ఇళ్ల మీద దూరదర్శన్ కోసం పెట్టుకున్న యాంటెన్నాలు పెద్దవాళ్లకు గుర్తుంటాయి. అదే జాతి. దాని పేరు ఎంఎస్‌టీ రాడార్. 1990ల మొదట్లో మొదలైంది.

మామూలు వాతావరణ రాడార్ వాన చుక్కలను చూస్తుంది. ఇది వట్టి గాలిని చూస్తుంది. 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగం పైకి వదిలితే, గాలిలోని చిన్న చిన్న వేడి, తేమ తేడాల నుంచి అతి కొంచెం వెనక్కి వస్తుంది. అంబులెన్స్ దగ్గరికి వచ్చేటప్పుడు ఒక మోత, దూరం అయ్యేటప్పుడు ఒక మోత వినపడుతుంది కదా. అదే తేడా పట్టుకుని గాలి పైకి వెళ్తోందా, కిందికి వస్తోందా చెప్పేస్తుంది. మిగులు లెక్క కాదు, సూటిగా కొలత. వేబ్రిడ్జి మీద లారీని పక్కనపెట్టి డ్రైవర్‌నే కాటా ఎక్కించినట్టు. ట్రోపోపాజ్ కూడా దీనికి కనిపిస్తుంది. అక్కడ గాలి పొరలు పరచినట్టు ఉంటాయి కాబట్టి నిట్టనిలువుగా వదిలిన తరంగం అద్దానికి తగిలినట్టు గట్టిగా తిరిగొస్తుంది. దీనికి తోడు 2006 నుంచి అక్కడ సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో బెలూన్ వదిలి వేడి, తేమ, గాలి కొలుస్తూ వస్తున్నారు. మనం టీ తాగే టైమన్నమాట.

సరే, ఏరియేటర్ సంగతి చెప్పలేదు కదా. ఆకాశానికి ఏరియేటర్ ఏది? మన తీరంలో అందరికీ తెలిసిందే. తుపాను.

2012 అక్టోబరు 31 సాయంత్రం నీలం తుపాను మహాబలిపురం దగ్గర తీరం దాటింది. దాని వానలు మన కోస్తాను ముంచాయి. మరుసటి ఏడాది అక్టోబరు 12న ఫైలిన్ తుపాను ఒడిశాలో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఈ రెండు తుపాన్ల సమయంలో మన దేశపు శాస్త్రవేత్తలు తిరువనంతపురం నుంచి ఓజోన్ కొలిచే బెలూన్లు వదిలారు. 2016లో ఫలితాలు ప్రచురించారు. ఏం కనపడిందంటే, తుపాను రోజుల్లో 10 నుంచి 16 కిలోమీటర్ల ఎత్తులో ఓజోన్ బాగా పెరిగింది. అక్కడితో ఆగలేదు. ఆ ఓజోన్ ఎక్కువున్న పొర రోజుకు 0.8 నుంచి ఒక కిలోమీటరు చొప్పున కిందికి దిగింది. తుపాను లేని మామూలు రోజుకు ఇది మూడు రెట్లు. చివరికి నేల దగ్గర గాలిలో కూడా పగటిపూట ఓజోన్ సుమారు 10 పీపీబీ పెరిగింది. అంటే వంద కోట్ల గాలి అణువుల్లో 10 ఎక్కువ.

పది అంటే నవ్వొస్తుంది. కానీ మన దేశంలో గాలి నాణ్యత ప్రమాణం ప్రకారం 8 గంటల సగటున ఓజోన్ ఘనమీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు. అది దగ్గరదగ్గర 50 పీపీబీ. పది అంటే ఆ హద్దులో ఐదో వంతు.

ఇది ఎలా జరుగుతుంది? తుపానులో గాలి గోడలా పైకి లేస్తుంది. అంత గాలి పైకి వెళ్తే ఎక్కడో ఒకచోట అంత గాలీ కిందికి రావాలి. తుపాను కన్నులో, మేఘాల చుట్టుపక్కల అది కిందికి దిగుతుంది. దిగేటప్పుడు మూత సందుల్లోంచి స్ట్రాటోస్ఫియర్ గాలిని కొంత లాక్కొస్తుంది. ఆ గాలిని గుర్తుపట్టడానికి రెండు ఆనవాళ్లు. ఓజోన్ ఎక్కువ, తేమ చాలా తక్కువ. తుపాను చుట్టూ అంతా తడి. దాని మధ్యలో పైన అక్కడక్కడా ఎండిపోయిన గాలి ముక్కలు ఉపగ్రహాలకు కనిపించాయి. మోడల్ నడిపి చూస్తే అందులోనూ గాలి అలాగే పైనుంచి దిగింది. ఇక్కడ మోడల్ గెలిచింది. ఎందుకు గెలిచిందని చెప్పగలుగుతున్నాం? పక్కన బెలూన్ కొలత ఉంది కాబట్టి.

ఒక జాగ్రత్త. రెండు తుపాన్లు, ఒక ఊరి కొలతలు. ప్రతి తుపానుకూ ప్రతి ఊళ్లో ఇదే జరుగుతుందని దీన్నిబట్టి అనేయకూడదు. రేపు తుపాను వార్త రాగానే "ఓజోన్ విషం దిగుతోంది" అని ఎవరైనా వాట్సాప్‌లో పంపిస్తే నమ్మకండి. తుపానులో ముందు చూసుకోవాల్సింది గాలి, వాన, ఉప్పెనే.

ఇది పైది కిందికి రావడం. కిందిది పైకి వెళ్లడం ఇంకో కథ. వానాకాలంలో మన దేశం నెత్తి మీద, మూత దగ్గర, గాలి పెద్ద సుడిలా తిరుగుతుంది. రుతుపవన మేఘాలు కింద గాలిని తోడి ఆ సుడిలో పోస్తాయి. అందులో పడింది కొన్నాళ్లు అక్కడే తిరుగుతుంది. 2011లో ఉపగ్రహ సమాచారంతో శాస్త్రవేత్తలు అక్కడ, 13 నుంచి 18 కిలోమీటర్ల మధ్య, సన్నని ధూళి పొర ఉందని చూపించారు. ఏం ధూళి? ఉపగ్రహం అది చెప్పలేదు. దాంతో 2014 నుంచి నాసా, ఇస్రో కలిసి గాదంకి నుంచి, హైదరాబాద్ నుంచి బెలూన్లు ఎగరేశాయి. పట్టుకొచ్చిన ధూళిలో నైట్రేట్ దొరికింది. 2019లో వచ్చిన ఇంకో పరిశోధనలో అది అమ్మోనియం నైట్రేట్ అని తేలింది. అమ్మోనియా ఎక్కణ్నుంచి వస్తుంది? ఎక్కువగా సేద్యం నుంచి. పొలానికి చల్లిన ఎరువు, పశువుల పేడ, మూత్రం. ఉత్తరాన గంగా మైదానంలో చల్లిన యూరియాలోంచి కొంత ఆవిరై, మేఘంలో పడి, 15 కిలోమీటర్ల పైన ధూళిగా తేలుతోంది. అంతకుముందు చాలామంది అనుకున్నది, అమ్మోనియా నీటిలో ఇట్టే కరుగుతుంది కాబట్టి వానతో కిందికే వచ్చేస్తుందని. అంతా రాలేదు. కొలిస్తేనే తెలిసింది.

ఇప్పుడు మీ వంతు. ఫోన్లోనే చేయొచ్చు. అమెరికా వాతావరణ సంస్థ నోవా వాళ్ల హైస్‌ప్లిట్ అనే మోడల్ ఉంది. బ్రౌజర్లో ఉచితంగా నడుస్తుంది. ప్రపంచంలో పరిశోధకులు నిజంగా వాడేదే. మీ ఊరి అక్షాంశం, రేఖాంశం ఇవ్వండి. నెల్లూరుకైతే ఉత్తరం 14.44, తూర్పు 79.99. వెనక్కి లెక్కపెట్టమనండి, మూడు రోజులు. ఎత్తు 500 మీటర్లు, 5,000 మీటర్లు, 10,000 మీటర్లు అని మూడు పెట్టండి. మీ నెత్తి మీద ఇప్పుడున్న గాలి మూడు రోజుల కిందట ఎక్కడుందో మూడు రంగుల గీతలు గీసి చూపిస్తుంది. మొదటిసారి చూస్తే ఒళ్లు పులకరిస్తుంది, నిజం.

కానీ అక్కడ ఆగొద్దు. అసలు పాఠం ఇప్పుడే. గాలి పైకీ కిందికీ ఎలా కదలాలో ఎంచుకునే ఆప్షన్ అందులో ఉంటుంది. మామూలుగా మోడల్ లెక్కకట్టిన నిలువు గాలి వాడుతుంది. దాని బదులు ఇంకోటి ఎంచుకోండి. గాలి బయట నుంచి వేడి తీసుకోకుండా, ఇవ్వకుండా కదిలినట్టు లెక్క కట్టమనే ఆప్షన్. ఇప్పుడు అదే ఊరు, అదే టైము, మళ్లీ నడపండి. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టండి. నేను చేసినప్పుడు వానల్లేని రోజున రెండు గీతలూ అన్నదమ్ముల్లా కలిసి నడిచాయి. వాయుగుండం ఉన్న రోజున కొంతదూరం కలిసి వెళ్లి విడిపోయాయి. ఒకటి గాలి సముద్రం నుంచి వచ్చిందంది, ఇంకోటి నేల మీంచి అంది. ఏది నిజం? ఆ తెర చూస్తూ కూర్చుంటే తెలియదు. రెండూ కలిసి నడిచిన చోట కొంత నమ్మొచ్చు. విడిపోయిన చోట, ఇక్కడ కొలత కావాలి అని రాసుకోవాలి. అది మోడల్ ఓటమి కాదు. ఎక్కడ కొలవాలో అదే మనకు చూపిస్తోంది.

ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఇంతే. ఫోన్లో గాలి మ్యాపులు చూస్తాం. రంగురంగుల గీతలు ఎంత నమ్మకంగా కదులుతాయంటే, ఎవరో పైన నిలబడి చూసి గీసినట్టు ఉంటుంది. పక్కకు వీచే గాలి వరకు అది చాలావరకు నిజం. పొరకూ పొరకూ మధ్య జరిగే ఇచ్చిపుచ్చుకోవడం దగ్గరికొచ్చేసరికి అది మిగులు లెక్క, అంచనా. దాన్ని సరిచేసేది సాయంత్రం ఐదున్నరకు గాదంకిలో బెలూన్ దారం వదిలే చేయి, తుపాను రోజున కూడా ఓజోన్ పెట్టె కట్టి ఎగరేసే మనిషి.

మా చిన్నాయన ఆ రాత్రి తర్వాత డీఓ మీటర్ కొన్నాడు. నీటిలో ఆక్సిజన్ ఎంతుందో చూపిస్తుంది. ఇప్పుడు వాన పడితే గట్టు మీద నిలబడి నీళ్ల రంగు చూసి అంచనా కట్టడు. తీగ గుంట అడుగు దాకా దించి చూస్తాడు. "పైన బాగానే ఉంటది అబ్బయా, అడుగున ఏముందో చూడాల" అంటాడు. మనకేమో అడుగున కూర్చుని పైన ఏముందో చూడాల్సిన పరిస్థితి. పద్ధతి మాత్రం అదే.

ఈసారి శ్రీహరికోట ప్రయోగం ఉన్నప్పుడు రాకెట్ వెళ్లిపోయాక ఫోన్ ఆపకండి. ఇంకో పావుగంట ఉంచండి. ఫోన్‌ని కదలకుండా పెట్టి, టైము, ఊరు రాసుకోండి. ఆ పొగ ఎటు వంగిందో హైస్‌ప్లిట్ గీతతో పోల్చి చూడండి. కలిసిందా, కలవలేదా నాకు చెప్పండి. కలవకపోతే ఇంకా సంతోషం, దాని మీదే ఇంకో ఎపిసోడ్ చేద్దాం.

ఉంటాను. జాగ్రత్త.